గాల్వెస్టన్‌లో 1900 తుఫాను ముందరి ఇల్లు: పాత నేలమట్టం కనిపెట్టేదెలా?

టెక్సాస్ తీరంలోని ఈ దీవిని 1900 సెప్టెంబరు 8 తుఫాను ముంచెత్తాక 17 అడుగుల సముద్రపు గోడ కట్టారు. 1903 నుంచి 1911 దాకా ఊరి నేలనే ఎత్తు పెంచారు. పేటల చుట్టూ మట్టికట్టలు వేసి, ఇళ్లను స్క్రూజాకీలతో లేపి, డ్రెడ్జర్లు (నీటి అడుగు ఇసుకను తోడే ఓడలు) తోడిన ఇసుకనీళ్లను గొట్టాలతో కింద నింపారు. నీరు ఇంకిపోయి ఇసుక మిగిలింది. ఉప్పుకు చెట్లు చచ్చాయి. ఇల్లు లేపే ఖర్చు యజమానిదే కాబట్టి అందరూ ఒకేలా చేయలేదు. 1859 నాటి ఆష్టన్ విల్లాను లేపకుండా నేలమాళిగను పూడ్చారు, దాని ఇనుప కంచె కొంత ఇప్పటికీ భూమిలోనే ఉంది.

గోడ దగ్గర ఎక్కువగా, దీవికి అవతలి పక్కనున్న బే (అఖాతం) వైపు తగ్గుతూ పోసిన వాలు ఇది. అందుకే వీధి పేరు చూసి లోతు చెప్పడం కుదరదు. చేతి ఆగరుతో (నేలలోకి తిప్పి దింపే బరమాతో) తవ్వితే ఇసుక కింద నల్లటి పాత మట్టిపొర తగలాలి. కానీ తోటల కోసం తర్వాత పోసిన మట్టీ నల్లగానే ఉండి మోసం చేస్తుంది.

తెలిసినవారు దయచేసి చెప్పండి:

డ్రెడ్జర్ ఇసుకను సహజమైన తిన్నె ఇసుక నుంచి వేరుచేసే నమ్మకమైన గుర్తేమిటి? ఇంటి కింది ఇటుక స్తంభాల్లో పాత, కొత్త కట్టుబడి అతుకును సున్నం రంగుతో పోల్చుకోవచ్చా? 1899, 1912 శాన్‌బోర్న్ పటాలు (అగ్నిబీమా కోసం ఇల్లిల్లూ గీసిన పటాలు) పోల్చడం కాక, గాల్వెస్టన్‌లోని రోజెన్‌బర్గ్ లైబ్రరీలో ఇంటివారీగా లేపిన ఎత్తు దొరికే దస్త్రాలేవి?