వేసవిలో ఇన్ని ఫుట్‌బాల్ టోర్నీలా?

ప్రశ్న: 2024లో యూరో (యూరప్ దేశాల టోర్నీ), కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల టోర్నీ) ఫైనల్స్ రెండూ జూలై 14నే పెట్టారు, మనకు ఒకటి అర్ధరాత్రి దాటాక, ఇంకోటి తెల్లవారాక, పది రోజులకే పారిస్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ మొదలు. 2025లో 32 జట్ల క్లబ్ వరల్డ్ కప్, 2026లో 104 మ్యాచ్‌ల వరల్డ్ కప్. ఆటగాళ్లకు విశ్రాంతి ఎప్పుడండీ?

జవాబు: మన నిద్ర సంగతి సరే, అర్జెంటీనా ఆటగాడు జూలియన్ అల్వారెజ్ కోపా గెలిచిన పది రోజులకే మొరాకోతో ఒలింపిక్స్ మ్యాచ్ ఆడాడు.

జవాబు: స్పెయిన్ ఆటగాడు పెడ్రీ అయితే 2021లో 18 ఏళ్లకే యూరో ఆడి, వెంటనే టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లి ఫైనల్ దాకా ఆడాడు, తర్వాతి సీజన్లో చాలా భాగం గాయాలతోనే పోయింది. కుర్రాణ్ని అలా వాడేస్తారా?

జవాబు: వరల్డ్ కప్‌లు నడిపే ఫిఫాదే కాదు తప్పు, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా కూడా తన క్లబ్ టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో మ్యాచ్‌లు పెంచింది. 2024 సెప్టెంబర్‌లో ఆటగాళ్లం సమ్మెకు దగ్గరలో ఉన్నామని స్పెయిన్ ఆటగాడు రోడ్రి అన్నాడు, వారం తిరక్కుండా మోకాలి లిగమెంట్ తెగింది. ముందు ప్రతి ఆటగాడికీ వేసవిలో నెల రోజుల సెలవు తప్పనిసరి చేయాలి.