ఎనిమిది గాబ్లిన్లు ఒకేసారి మీద పడితే ఎట్లా?

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాల. తిరుపతి బైరాగిపట్టెడలో మా రూమ్‌లో ఆదివారాలు నలుగురికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకొని, పాచికలేస్తా కథ నడిపే ఆట) ఆడిస్తాండాను, 2014 రూల్స్‌తో. బొమ్మలు కొనే స్తోమత లేదు, చింతగింజలే గాబ్లిన్లు, అంటే ఆటలో చిన్న రాక్షసులు. ఒకే రకం రాక్షసులకు ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక, ఎక్కువ పడినోళ్లది ముందు) ఒక్కసారే వేయమంటుంది కదా పుస్తకం. పోయిన వారం 8 గింజలకు కలిపి 18 పడింది. ఇంకెవరి వంతూ రాకముందే 7 హిట్ పాయింట్ల (ప్రాణం లెక్క) విజార్డ్, అంటే మంత్రగాడు, బోర్లా పడ్డాడు. ఆడేది మా తమ్ముడు. ఒక్క దెబ్బ కూడా వేయకుండానే పోయినానని అలిగి టీ తాగను లేచిపోయినాడు. వాడి కోపంలో న్యాయముంది.

ఎనిమిదింటికీ విడివిడిగా వేస్తే రాసుకోలేక నా తల తిరుగుతుంది. నాలుగేసి రెండు గుంపులు చేస్తే చాలా? లేక ఒక్కో ఆటగాడి తర్వాత రెండేసి గింజలు కదిలించాలా? రెండోదే నాకు నచ్చింది గానీ, ఆ ఆటగాడు పడిపోతే వాడి వెనకాల గింజలు ఎప్పుడు కదలాల? ఆడించినోళ్లు చెప్పండి.