కంచు మోగడం మెప్పా, తప్పా? వేమన పద్యం, కంచుకంఠం, పాత స్పీకర్ డబ్బాలు

కడప నుంచి:

ఈ పద్యం రానివాళ్ళు మన గ్రూపులో ఉండరు.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

నా సందేహం మూడో పాదం మీద. వేమన ఇక్కడ కంచును అల్పుడి పక్కన, బంగారాన్ని సజ్జనుడి పక్కన కూర్చోబెట్టాడు. మోగుతుంది కాబట్టి కంచు తక్కువది. సరే, అట్లయితే నాటకంలో ఒక నటుడి గొంతు చివరి వరసదాకా ఖంగుమని వినిపిస్తే ఆయనది కంచుకంఠం అని మనమెందుకు పొగుడుతున్నాం? బంగారు గొంతు అనడం కూడా ఉంది గానీ ఆ మాట తీయదనానికి వాడతాం, మోగడానికి కాదు. ఒకే లోహం, దానికున్న ఒకే గుణం, ఒకచోట మెప్పు, ఇంకొకచోట తప్పు.

ముందు లోహాల సంగతి. కంచు అంటే రాగిలో తగరం కలిపింది, గంటలు పోసే కంచులో దాదాపు నాలుగు పాళ్ళు రాగి, ఒక పాలు తగరం ఉంటాయి (ఇత్తడిలో కలిసేది జింకు, రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు). తగరం అంత కలిసేసరికి లోహం గట్టిపడి పెళుసవుతుంది. ఒక్క దెబ్బ కొడితే ఆ ఊపును లోపల అణచుకోలేక చాలాసేపు మోగుతూనే ఉంటుంది. మేలిమి బంగారం మెత్తన. ప్రొద్దుటూరులో అన్ని బంగారు అంగళ్ళున్నాయి, ఏ అంగట్లోనైనా ఒక మేలిమి బిళ్ళను రాతి మీద పడేసి చూడండి, టప్పుమని ఊరుకుంటుంది. ఆ పాదంలో మాట అక్షరాలా నిజం.

నాకు పాత హైఫై స్పీకర్ల పిచ్చి. 1960, 70, 80లలో వచ్చిన డబ్బాలు ఎక్కడ కనిపించినా తెచ్చుకుని బాగుచేసుకుని వింటుంటాను. డబ్బా చేతికి రాగానే నేను మొదట చేసే పని వేలి కణుపుతో పక్క చెక్క మీద, వెనక చెక్క మీద కొట్టి వినడం. దబ్బుమని ఆగిపోతే సంతోషం, డొంగుమని సాగితే ఆ డబ్బాతో పని ఉన్నట్టే. ఈ పద్యం నాకు అర్థమైన తీరు ఆ పనిలోంచి వచ్చింది. గంట, వీణ, మృదంగం, మనిషి గొంతు, ఇవి సొంతంగా మోగాలి, ఆ మోతను బట్టే వాటిని గుర్తుపడతాం. స్పీకర్ మాత్రం సొంతంగా మోగకూడదు, ఎందుకంటే అది ఇంకొకరి పాటను మన దగ్గరికి మోసుకొచ్చేది. దాని కోను (ముందుకూ వెనక్కూ కదిలి చప్పుడు పుట్టించే గరాటు) గానీ డబ్బా చెక్కగానీ తన మోతను కలిపిందంటే ఆ మోత వీణ మీదా పడుతుంది, కడప రేడియోలో వార్తల మీదా పడుతుంది. కాబట్టి కంచు పాడేవాడి గొంతులో ఉంటే గుణం, వినిపించేదాంట్లో ఉంటే దోషం. వేమన అల్పుణ్ణి కూడా నేను ఇట్లాగే చదువుకుంటున్నాను, పరాయి మాటకు తన మోత కలిపేవాడు అని. పెద్దలు ఏమంటారు?

అనంతపురం నుంచి:

తమ్ముడూ, నువ్వు మూడో పాదం దగ్గర ఆగిపోయావు గానీ చప్పుడు మొదటి పాదంలోనే ఉంది. ఆడంబరం అంటే ఇప్పుడు మనకు డాబు, పటాటోపం. అమరకోశం నానార్థవర్గంలో చూస్తే దాని అర్థం తూర్యధ్వని (వాద్యాల మోత), ఏనుగుల ఘీంకారం. సంస్కృతంలో ఆ పేరుతో ఒక రకం భేరి కూడా ఉంది. అల్పుడు డాబుగా మాట్లాడతాడు అనే అర్థంతోపాటు భేరి మోగినట్టు మాట్లాడతాడు అనే అర్థం కూడా తీసుకుంటే మొదటి పాదంలో భేరి, మూడో పాదంలో కంచు, పద్యమంతా వినికిడి మీదే నడుస్తుంది. మా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఈ సంగతి తప్పకుండా చెప్తాను, ఎందుకంటే ఆడంబరం అంటే నగలు, పెళ్ళి ఖర్చులు అనే వాళ్ళకు తెలుసు. ఛందస్సు కూడా చూడు. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, కంచుకు కనకం సరిగ్గా అక్కడ కలిసింది.

కంచుకంఠం మైకు లేని కాలపు మెప్పు. మీ జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజం, మా తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ, వీళ్ళ తొలి రోజుల్లో రంగస్థలం మీద యంత్రసాయం ఏముంది? వెనక కూర్చున్నవాడికి వినపడకపోతే నటుడు ఎంత రసం పండించినా వృథా. ఆ అవసరంలోంచి పుట్టిన పొగడ్త అది. వేమన చెప్పేది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు సంగతి, అక్కడ అంత మోత అక్కరలేదు. మెప్పూ తప్పూ లోహంలో లేవు, వినేవాడు ఎంత దూరంలో ఉన్నాడనేదాంట్లో ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. పరాయి మాటకు తన మోత కలిపేవాడు అనే అర్థం పద్యంలో లేదు. పద్యంలో అల్పుడు పలికేది తన సొంత మాటే. నీ అన్వయం బాగుంది, నీ స్పీకర్లకు అతుకుతుంది, కానీ దాన్ని వేమన మీద పెట్టవద్దు. కడపలోనే ఉన్నావు, 1829లో ఈ పద్యాలను అచ్చువేయించిన బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది కదా, వెళ్ళి పాత వ్యాఖ్యలు చూడు.

కర్నూలు నుంచి:

అన్నా, అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇక్కడ పాత సామాన్ల అంగట్లో నాకు ఒక జత స్పీకర్ డబ్బాలు దొరికినాయి. ముందర ఉండాల్సిన పేరు బిళ్ళ ఊడిపోయింది. ఒక్కోటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అంత బరువుంటే మోగదు కదా, బంగారం జాతి అనుకోవచ్చా? పాట పెడితే ఒకదాంట్లో గరగర వస్తోంది. మా వీధి మెకానిక్ ఊఫర్లు (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్లు) పోయినాయి, కొత్తవి వేసేద్దాం అంటున్నాడు.

కడప నుంచి:

అక్కా, ఆడంబరానికి ఆ అర్థం నాకు కొత్త, చాలా సంతోషం. అన్వయం సంగతి మీరన్నట్టే, నాది నా దగ్గరే ఉంచుకుంటాను.

తమ్ముడూ, కొత్త ఊఫర్లు వద్దని ముందు ఆయనకు చెప్పు. అసలు ఊఫర్ తీసేస్తే ఆ డబ్బా ఇక ఆ డబ్బా కాదు, ఎందుకంటే చెక్కపెట్టె కొలత, లోపలి క్రాస్‌ఓవర్ (పాటలో కింది స్వరాలనూ పై స్వరాలనూ విడదీసి పంపే సర్క్యూట్) రెండూ ఆ ఊఫర్‌కు తగ్గట్టు కట్టినవి. అలాంటిదే ఇంకొకటి కావాలంటే తర్వాత కంచు కాగడా పెట్టి వెతికినా దొరకదు.

బరువు చూసి మోసపోవద్దు. బరువు ఒక దారి మాత్రమే. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఎండు ఇసుక పోయించి చెక్క మోతను చంపాడు, అది బరువు దారి. బీబీసీ పరిశోధన విభాగంలో హార్వుడ్ చేసిన పని దీనికి ఎదురు దిక్కు. చెక్క మందంగా, బిర్రుగా ఉంటే మోత పోదు, అది పైస్థాయికి జరిగి మనిషి గొంతు ఉండే చోటే చెవికి తగులుతుంది, అందుకని పలచటి ప్లైవుడ్ తీసుకుని లోపలి వైపు తారు పలకలు అంటించి అణచడం మేలని తేల్చారు. 1970లలో వచ్చిన ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న డబ్బా ఆ పద్ధతిలో కట్టిందే. ఒంటిచేత్తో ఎత్తొచ్చు, గొంతు విషయంలో దాని ముందు నిలిచేవి ఈనాటికీ తక్కువ అని నా నమ్మకం. దాని ఊఫర్ కోను బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ కూడా వట్టిగా వదిలితే మోగేదే, అందుకే దాని మీద జిగురులాంటి పూత పూశారు. మోగేదాన్ని తెచ్చి మోత అణచి వాడుకోవడం, అంతా ఆ పూతలోనే ఉంది. పాత కోను మీద ఆ పూత మెరుపు చూసి మురికి అనుకుని స్పిరిట్ పెట్టి తుడిచేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని ఎవరూ చెయ్యవద్దు.

ఇక గరగర. మన చప్పుళ్ళ మాటలు ఈ పనిలో ఎంత పనికొస్తాయో చెప్పలేను, ఫోన్లో ఒక్క మాట వింటే రోగం సగం తెలిసిపోతుంది. గరగర అంటే వాయిస్ కాయిల్ (కోను వెనక ఉండే తీగచుట్ట) అయస్కాంతం సందులో రాసుకుంటోంది. జర్రుమంటే ఎక్కడో మర వదులైంది, లేదా కోను అంచు ఊడింది. బటన్ తిప్పినప్పుడు పటపట అంటే ట్వీటర్‌ను (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్‌ను) తగ్గించుకునే కంట్రోలు లోపల చిలుము పట్టింది, ఆ కాలపు డబ్బాల వెనక ఇది తరచుగా ఉంటుంది. ఆగకుండా గుయ్ అంటుంటే స్పీకర్‌ను విప్పవద్దు, తప్పు ఆంప్లిఫయర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉంటుంది.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ముందరి బట్ట తీసి కోను చుట్టూ ఉన్న అంచు చూడు. అది ఫోమ్ అయితే 15–20 ఏళ్ళకే గాలిలో తేమకు చివికి పొడి రాలుతుంది, కోనును మధ్యలో పట్టి ఉంచేది పోయాక కాయిల్ పక్కకు ఒరుగుతుంది, గరగర అక్కడిది. అంచు ఒక్కటే మార్చుకుంటే ఊఫర్ మళ్ళీ పలుకుతుంది, ఆ ఫోమ్ రింగులు విడిగా అమ్ముతారు. రబ్బరు అంచైతే చాలావరకు బాగానే ఉంటుంది. రెండు చేతుల వేళ్ళు కోను మీద సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కు, రాసుకుంటే వేళ్ళకే తెలుస్తుంది. మల్టీమీటర్ పెట్టు, 8 ఓమ్‌ల ఊఫర్ 6 చుట్టుపక్కల చూపించాలి. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు, అప్పుడు మీ మెకానిక్ మాట విందాం. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని ఎర్ర కొసకు ప్లస్ వచ్చేట్టు ఒక్క క్షణం తాకిస్తే కోను సాధారణంగా ముందుకు రావాలి. రెండు డబ్బాలు రెండు రకాలుగా కదిలితే ఎవరో లోపల వైర్లు తారుమారు చేశారన్నమాట.

పేరు తెలుసుకోవాలంటే ఊఫర్ విప్పి వెనక చూడాలి. అమెరికా సరుకైతే 220తో మొదలయ్యే అంకె జెన్‌సెన్, 67తో మొదలైతే ఎమినెన్స్, ఆ వెనకే సంవత్సరం, వారం ఉంటాయి. ఇంగ్లండు కంపెనీ కెఫ్ వాళ్ళవైతే ఎస్పీ 1003 అంటే బీ110 ఊఫర్, ఎస్పీ 1032 అంటే టీ27 ట్వీటర్. మన దేశంలో కట్టినవైతే కాస్మిక్, సోనోడైన్ లాంటి పేరు వెనక చెక్క మీద కాగితంగా ఉండి రాలిపోయి ఉండొచ్చు, గమ్ మరక ఆకారం చూసినా ఒక్కోసారి ఆధారం దొరుకుతుంది.

అనంతపురం నుంచి:

బాగా చెప్పావు. ఇప్పుడు రెండో పాదానికి రా. చల్లగాను అనే మాటకు నీ చెవి ఏం చెప్తుంది? పాత స్పీకర్లు మెత్తగా, చల్లగా పలుకుతాయని అంటుంటారే, అది వేమన చెప్పిన చల్లదనమేనా?

కడప నుంచి:

అక్కా, సగం మంది చల్లదనం అనుకునేది నిజానికి నీరసం. క్రాస్‌ఓవర్‌లో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 40 ఏళ్ళకు ఎండిపోతాయి, ట్వీటర్‌కు అందాల్సింది అందదు, స, ష, చ లాంటి అక్షరాలు మొద్దుబారి అంతా ముద్దగా వినిపిస్తుంది. దాన్ని పాతకాలపు తీయదనం అని మెచ్చుకోవడం ఆ స్పీకర్ కట్టినవాళ్ళకు అన్యాయం. కెపాసిటర్లు అదే విలువవి కొత్తవి వేస్తే వాళ్ళు ఉద్దేశించిన గొంతు బయటికి వస్తుంది.

చల్లగా అంటే నేననుకునేది, ప్రతి అక్షరం విడివిడిగా తెలుస్తూనే చెవికి పోటు లేకపోవడం. కంచుకంఠంలో ఆ ఖంగు ఉండేది సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర, మన చెవి అన్నిటికంటే చురుగ్గా వినేదీ ఆ చుట్టుపక్కలే. ఊఫర్ నుంచి ట్వీటర్‌కు పాట చెయ్యి మారేది చాలా డబ్బాల్లో అక్కడే, ఎల్ఎస్ 3/5ఏలో సరిగ్గా 3000 దగ్గర. ఆ మార్పిడి కుదరకపోతే మామూలు గొంతుకు కూడా లేని కంచు వచ్చి చేరుతుంది, నిజమైన కంచుకంఠం కీచుమంటుంది. అందుకే స్పీకర్ పరీక్షకు డప్పుల పాటలు పెట్టవద్దంటాను. బీబీసీ వాళ్ళు మనిషి మాటనే కొలబద్దగా పెట్టుకున్నారు, ఎదురుగా మాట్లాడే మనిషినీ అదే మాట స్పీకర్లో వచ్చేదాన్నీ పోల్చి చూసేవాళ్ళు. మనకు హరికథ ఉంది, పద్యం ఉంది, వార్తలున్నాయి. ఇంట్లోవాళ్ళ చేత ఇదే వేమన పద్యం చదివించి ఫోన్లో రికార్డు చేసి, వాళ్ళను పక్కన నిలబెట్టి వినండి. ‘చల్లగాను’లో ల్ల, ‘కనకంబు’లో సున్నా ఎట్లా పలుకుతున్నాయో గమనిస్తే చాలు.

కర్నూలు నుంచి:

విప్పినానన్నా. అంచు ఫోమే, ముట్టుకుంటే చేతికి నల్లగా అంటుకుంది. మీటర్ 6.2 చూపిస్తోంది, కాబట్టి మెకానిక్‌కు వద్దని చెప్పేసినా. ఊఫర్ వెనక కాగితం చినిగిపోయింది గానీ ట్వీటర్ మీద ఏడీ 0160 అని, గీత పక్కన టీ8 అని ఉంది. కంపెనీ దొరికినట్టేనా?

కడప నుంచి:

అది ఫిలిప్స్ ట్వీటర్ తమ్ముడూ. 01 అంటే ఒక అంగుళం, టీ అంటే ట్వీటర్, 8 అంటే ఓమ్‌లు. మంచి సరుకు, జాగ్రత్తగా పెట్టుకో, ఆ గుండ్రటి బట్టను వేలితో నొక్కవద్దు. కానీ ఆ ట్వీటర్‌ను చాలా కంపెనీలు కొని తమ డబ్బాల్లో వాడుకున్నాయి, కాబట్టి దాన్ని బట్టి డబ్బా పేరు తేల్చలేం. క్రాస్‌ఓవర్ పలకను రెండు వైపులా ఫోటో తీసి పెట్టు, కెపాసిటర్ల మీద సంవత్సరం గానీ వారం అంకె గానీ ఉంటే అది కూడా. ఊఫర్ వ్యాసం అంచుతో కలిపి ఒకసారి, కోను ఒక్కటే ఒకసారి కొలిచి చెప్పు, ఫోమ్ రింగు ఆ కొలతకే తెప్పించాలి.