కాలువ షట్టర్ హ్యాండిల్ ఎవరి దగ్గర ఉండాలి? విదేశీ మధ్యవర్తులను ఏమని అడగాలి?

కాలువగట్టు (నరసన్నపేట):

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఆరేళ్లుగా పారా లీగల్ వాలంటీర్‌గా (న్యాయ సహాయ కార్యకర్తగా) పనిచేస్తున్నాను. వచ్చే నెలలో తగాదాలు తీర్చే పనిలో ఉన్నవాళ్ల ఆన్‌లైన్ సమావేశం ఒకటి ఉంది. నేపాల్, కెన్యా, ఫిలిప్పీన్స్ నుంచి వస్తున్నారు. నాకు పది నిమిషాలు ఇచ్చారు.

నేను చెప్పదలచుకున్నది ఇది. వంశధార ఎడమ కాలువ కింద రెండు ఊళ్లు, ఒకటి ఎగువన, ఒకటి శివారులో. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలినా శివారుకు చేరేసరికి ఉభాల (వరి నాట్ల) అదును దాటిపోతోంది. పోయిన ఖరీఫ్‌లో రెండు ఊళ్ల పెద్దలను రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టి వంతులు రాయించాను. నాలుగు రోజులు ఎగువకు, మూడు రోజులు శివారుకు. అందరూ సంతకాలు పెట్టారు. పదకొండో రాత్రి షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్ మాయమైంది. తెల్లవారేసరికి శివారు కాలువలో బురద తప్ప ఏమీ లేదు. ఇద్దరు కుర్రాళ్ల తలలు పగిలాయి. ఆ సాయంత్రం శివారు ఊరి పెద్దావిడ ఒకరు పసుపుబారిపోయిన ఆకు (వరి నారు) కట్ట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, "నీ కాగితం దీనికి తాగించు తల్లీ" అన్నారు. కట్ట చివర వేళ్లు పొడిపొడిగా రాలిపోతున్నాయి.

హ్యాండిల్ ఎగువ ఊళ్లో ఉంటే శివారు వాళ్లు నమ్మరు. శివారుకు ఇస్తే ఎగువ వాళ్లు ఒప్పుకోరు. లస్కర్ (కాలువ కాపలా ఉద్యోగి) ఒక్కరే, ఆయన చూడాల్సిన షట్టర్లు ఏడో ఎనిమిదో. యుద్ధాలు ఆపిన వాళ్లకు ఇలాంటి చిక్కు ఎదురై ఉంటుందని నా నమ్మకం. వాళ్లను ఏమని అడగాలి?

విశ్రాంత సోషల్ మాస్టారు (విజయనగరం):

అమ్మా, నేపాల్ వాళ్లను తాళంచెవి సంగతి అడగండి.

పదేళ్ల అంతర్యుద్ధం తర్వాత, 2006 ఆగస్టు 9న ప్రభుత్వమూ మావోయిస్టులూ ఐక్యరాజ్యసమితికి చెరొక ఉత్తరం రాశారు. ఉత్తరాలు వేరు, వాటిలోని మాటలు మాత్రం ఒక్కటే. నవంబరు 21న శాంతి ఒప్పందం కుదిరింది. ఇక ఆయుధాలు ఎవరి చేతిలో ఉండాలి? పరాయివాళ్లకు అప్పగిస్తే ఓడిపోయినట్టే కదా. అందుకని శిబిరాల్లోనే ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంచారు. ఐక్యరాజ్యసమితి చేతిలో ఉన్నవి నమోదు పుస్తకం, కెమెరాలు, తలుపు తెరిస్తే మోగే సైరన్. అలా మావోయిస్టుల ఆయుధాలు 3,475 నమోదయ్యాయి. మావోయిస్టులు లోపల పెట్టినవాటికి సమానంగా సైన్యం కూడా తన ఆయుధాలను తాళం కింద పెట్టింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ సమానత్వమే. పరిశీలకులు పూర్తిగా రాకముందు కాపలా కాసింది భారత, బ్రిటిష్ సైన్యాల్లో కొలువు చేసి ఇంటికి వచ్చిన నేపాలీలు.

మీరు హ్యాండిల్ ఎవరి దగ్గర అన్న చోటే ఆగిపోయారు. దాన్ని తిప్పితే ఎవరికి తెలుస్తుందో చూడండి.

సంత వీధి (బొబ్బిలి):

అక్కా, మీ కాగితం మీద ఆడవాళ్ల సంతకాలు ఎన్ని? ఆకు తీసేదీ ఉభాలు వేసేదీ వాళ్లే కదా.

కెన్యా వాళ్లు వస్తున్నారన్నారు, ఆ దేశపు ఈశాన్యంలోని వాజిర్ గురించి అడగండి. 1990ల మొదట్లో అక్కడి సోమాలీ తెగల మధ్య హత్యలు జరుగుతుంటే, సంతలో ఒక తెగ ఆడవాళ్లు ఇంకో తెగ దగ్గర సరుకు కొనడం మానేశారు. డెకా ఇబ్రహీం అబ్దీ, మరికొందరు ఆడవాళ్లు ముందుగా ఆ సంతను దారికి తెచ్చారు. ఎవరు ఎవరి దగ్గరైనా కొనవచ్చని నియమం పెట్టి, అది నిలుస్తోందో లేదో చూడటానికి తమలోనే కొందరిని నియమించుకున్నారు. ఆ తర్వాతే తెగల పెద్దల దగ్గరకు వెళ్లారు. పెద్దల మాటలు నడిపించే పని చిన్న తెగ వాళ్లకు అప్పగించారు. 1993లో అల్ ఫతా ప్రకటన అనే శాంతి ఒప్పందం వెలువడింది. డెకా ఆ తర్వాత ఎన్నో దేశాల వాళ్లకు ఈ పని నేర్పారు.

ఎచ్చెర్ల తీరం:

అక్కా, బయటివాళ్ల మీద మరీ ఆశ పెట్టుకోకండి. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య నార్వే కుదిర్చిన కాల్పుల విరమణ 2002 ఫిబ్రవరిలో మొదలై 2008 జనవరిలో రద్దయింది. నార్డిక్ దేశాల పరిశీలకులు ఇళ్లకు వెళ్లిపోయారు. ఇరుపక్షాలకూ మనసు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

అయితే ఒకటి చెబుతాను. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లా మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటాయి. 2025 మే ఘర్షణ తర్వాత కూడా జూలై 1న జాబితాలు వచ్చాయి. ఇంట్లో వాళ్లకు ఆ జాబితాలో పేరు కనబడితే మనిషి బతికి ఉన్నట్టు. మీరు కూడా ఒక రోజు పెట్టుకోండి. గొడవ ఉన్నా లేకున్నా ఆ రోజు కలవాల్సిందే.

కాలువగట్టు (నరసన్నపేట), ఏడు వారాల తర్వాత:

మాస్టారూ, చెల్లీ, తమ్ముడూ, మీ ముగ్గురి మాటలూ పనికొచ్చాయి.

హ్యాండిల్ ఎగువ ఊళ్లోనే ఉంచాం. షట్టర్ కడ్డీ మీద ఎర్ర రంగుతో గీత గీశాం. రోజూ ఉదయం ఆరింటికి ఊరికి ఒకరు చొప్పున అక్కడికి వెళ్లి, గీత కనిపించేలా ఫోటో తీసి రెండు ఊళ్ల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఎగువ వాళ్లు కూడా ఒక షరతు అడిగారు, తమ వంతు రోజుల్లో శివారు వాళ్లు కాలువలో నీళ్లు తోడే ఇంజన్లు దించకూడదని. న్యాయమే, రాసుకున్నాం. ప్రతి సోమవారం కలుస్తున్నాం. ఈసారి సంతకాలు ఇరవై రెండు, అందులో ఆడవాళ్లవి తొమ్మిది.

సమావేశంలో ఈ ఏర్పాటు చెప్పగానే నేపాల్ ఆవిడ అడిగారు, "సైరన్ మోగితే ఎవరు వస్తారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గీత కదిలిందని తెలిస్తే, అర్ధరాత్రయినా అక్కడికి వెళ్లేది ఎవరు? మర్నాడే రెండు ఊళ్లకూ వెళ్లి ఊరికి మూడేసి పేర్లు రాయించాను. శివారు వైపు మొదటి పేరు ఆకు కట్ట తెచ్చిన ఆ పెద్దావిడది. ఆమె ఇంటి నుంచి షట్టర్‌కు రెండు కిలోమీటర్లు, గట్టు మీద దీపాలు లేవు. రాత్రి పిలుపు వస్తే బండి మీద తీసుకెళ్తానని ఎగువ ఊరి కుర్రాడు ఒకడు తన ఫోను నంబరు ఆమె పేరు పక్కనే రాయించాడు.