టైటానియం ప్రింటింగ్‌లో మిగిలిన పౌడర్: జల్లిస్తే సరిపోతుందా?

ప్రశ్న:
మా యూనిట్‌లో లేజర్ పౌడర్ బెడ్ యంత్రంపై (లోహపు పౌడర్‌ను పొరలుగా పరచి లేజర్‌తో కరిగించే 3డి ప్రింటర్) టైటానియం మిశ్రలోహంతో ఇంప్లాంట్ల నమూనాలు చేస్తున్నాము. ప్రతి బిల్డ్ (ఒక విడత ప్రింటింగ్) తరువాత మిగిలిన పౌడర్‌ను 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కొత్తదానిలో కలుపుతున్నాము. ఈమధ్య జల్లెడపై నీలం, గోధుమ రంగు గుళికలు, ఛాంబర్ గోడలకు నల్లని మసి ఎక్కువగా కనిపిస్తున్నాయి. గుళికలు పైనే ఆగిపోతున్నాయి కనుక కిందికి దిగిన పౌడర్ గురించి బెంగ అక్కరలేదని మా సూపర్‌వైజర్ గారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం 1:
జల్లెడకు పరిమాణమే తెలుసు, రసాయనం తెలియదు. లేజర్ తాకిన చోట లోహం ఆవిరై పైకి ఎగదన్నుతుంది. ఆ ధార చుట్టూ, ఛాంబర్‌లో నింపిన ఆర్గాన్ వాయువును తనవైపు లాగడంతో పక్కనున్న రేణువులు కూడా కొట్టుకువచ్చి, కిరణంలో వేడెక్కి ఎగిరిపోతాయి. స్పాటర్ (ఇలా ఎగిరిపడే రేణువులు) అంతా కరిగిన లోహపు మడుగు నుంచి తుళ్ళిపడినదే అనుకుంటాము కాని, 2017లో అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల వారు అతివేగ కెమెరాలతో చూసినప్పుడు అందులో అధిక భాగం ఇలా కొట్టుకువచ్చిన రేణువులేనని తేలింది. అవి ఒకదానికొకటి అతుక్కుంటే జల్లెడపై నిలుస్తాయి. విడిగా మిగిలినవి, ఛాంబర్‌లోని కాస్త ఆక్సిజన్‌ను పట్టుకుని, మంచి పౌడర్‌తో పాటే కిందికి జారిపోతాయి. మీరు చూసిన నీలం రంగు ఆ ఆక్సైడ్ పొరదే. ఇంప్లాంట్లకు వాడే ఇఎల్ఐ రకంలో (ఆక్సిజన్ వంటి మలినాలు అతి తక్కువగా ఉండే టైటానియం మిశ్రలోహం) ఆక్సిజన్ 0.13 శాతం మించకూడదు; మించితే బలం పెరిగినట్టే కనిపిస్తుంది కాని సాగే గుణం తగ్గిపోతుంది. పౌడర్‌ను ఆక్సిజన్ పరీక్షకు పంపండి.

సమాధానం 2:
నన్నడిగితే గుళికల కంటే ఆ మసికే ఎక్కువ భయపడాలి. ఆవిరైన లోహం చల్లబడి నానోమీటర్ల పరిమాణంలో గడ్డకట్టినదే అది. ఫిల్టర్‌లో చేరిన ఈ మసి గాలి తగిలితే తనంతట తానే అంటుకోగలదు. మామూలు వాక్యూమ్ క్లీనర్ దాని దరిదాపులకు రానివ్వకండి. మంట వస్తే నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ రెండూ పనికిరావు, లోహపు మంటలను ఆర్పే డి తరగతి పొడి ఒక్కటే వాడాలి. తడిపిన వ్యర్థాన్ని గాలి చొరకుండా మూత బిగించిన డబ్బాలో ఉంచితే హైడ్రోజన్ పుట్టి ఒత్తిడి పెరుగుతుంది.

సమాధానం 3:
ఆర్గాన్ ప్రవాహాన్ని కూడా ఒకసారి చూడండి. మసి హఠాత్తుగా పెరిగిందంటే ఫిల్టర్ మూసుకుపోయి ప్రవాహం తగ్గి ఉండవచ్చు. ప్రవాహం వెళ్ళే వైపున్న భాగాలపైనే స్పాటర్ ఎక్కువ పడుతుంది కనుక, ముఖ్యమైన నమూనాను అక్కడ పెట్టకండి.

అడిగినవారు:
ధన్యవాదాలు. పౌడర్ నమూనాను పరీక్షకు పంపుతున్నాము. తడి వ్యర్థం ఉన్న డబ్బా ఒకటి మూత బిగించే ఉంది. దానిని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, యంత్రం సరఫరాదారుకు ఇప్పుడే ఫోన్ చేశాము.