స్థానం–కాలం గ్రాఫు: 8వ సెకను దగ్గర వేగం 0.5 ఎందుకు కాదు?

ప్రశ్న
తిన్నని దారిలో కదిలే బండి గ్రాఫు. నిలువు అక్షం స్థానం (మీటర్లు), అడ్డం అక్షం కాలం (సెకన్లు). 0 సె. దగ్గర 2 మీ.తో మొదలై సరళరేఖలో 4 సె.కి 10 మీ. చేరింది. 6 సె. దాకా అక్కడే అడ్డగీత. ఆపైన తిన్నగా దిగి 11 సె.కి −5 మీ. 8 సె. దగ్గర వేగం ఎంత? అప్పుడు స్థానం 4 మీ. కాబట్టి 4 ÷ 8 = 0.5 మీ/సె అని వేశాను. జవాబు −3 అట. ఇంకోటి, గీత 9.3 సె. దగ్గర అడ్డం అక్షాన్ని దాటుతోంది. బండి వెనక్కి తిరిగింది అక్కడేనా?

జవాబు 1
మీరు బిందువు నిరూపకాలను భాగించారు. కావలసింది గీత వాలు, అంటే స్థానంలో మార్పు ÷ కాలంలో మార్పు. 4 ÷ 8 అనేది మూలబిందువు నుంచి ఆ బిందువుకు గీసే రేఖ వాలు, ఆ రేఖ మీ గ్రాఫులో లేనే లేదు. పోనీ సగటు వేగమా అంటే అదీ కాదు. బండి 2 మీ. దగ్గర బయలుదేరింది కాబట్టి మొదటి 8 సెకన్ల సగటు (4 − 2) ÷ 8 = 0.25 మీ/సె.

8 సె. పడేది 6–11 ముక్కలో. దాని రెండు చివరలూ తీసుకోండి. స్థానంలో మార్పు −5 − 10 = −15 మీ., కాలంలో మార్పు 11 − 6 = 5 సె. వాలు −3 మీ/సె. ముక్క సరళరేఖ కనుక 7 సె. దగ్గరా 10 సె. దగ్గరా ఇదే. పైనా కిందా ‘చివరిది మైనస్ మొదటిది’ వరసే పాటించాలి, ఒకచోట తారుమారైతే గుర్తు తిరగబడుతుంది.

జవాబు 2
రెండో సందేహానికి: అక్షాన్ని దాటడమంటే బండి స్థానం 0 మీ. ఉన్న చోటును దాటడం, అంతే (6 + 10/3 = 9.33 సె.). దిశ మారేది వాలు గుర్తు మారినచోట. ఇక్కడ వాలు +2, తర్వాత 0, తర్వాత −3. అంటే 10 మీ. దగ్గర 2 సెకన్లు ఆగి, 6 సె.కి వెనక్కి మళ్లింది. మైనస్ చూసి ‘నెమ్మదించింది’ అనుకునేవాళ్లు చాలామంది. వచ్చేటప్పుడు వడి (దిశ గుర్తు లేని వేగం) 3, వెళ్లేటప్పుడు 2 మాత్రమే. గీతను గుట్ట బొమ్మలా కూడా చూడకండి, దారి చదునుగానే ఉంది.

అడిగినవారు
అర్థమైంది. మరి గీత వంపు తిరిగి ఉంటే ఏ చివరలు తీసుకోవాలి?

జవాబు 1
ఆ క్షణం దగ్గర స్పర్శరేఖ (వంపును అక్కడ తాకుతూ పోయే తిన్నని గీత) గీసి, దాని వాలు కొలవాలి. స్థానం = కాలం వర్గం అనుకోండి. 3 సె. దగ్గర స్పర్శరేఖ (3, 9), (1.5, 0) బిందువుల గుండా పోతుంది: 9 ÷ 1.5 = 6 మీ/సె. వాలుకు బిందువులు స్పర్శరేఖ మీదివే కావాలి, అవీ వీలైనంత దూరందూరంగా. దగ్గరివి తీసుకుంటే స్కేలు చదవడంలో చిన్న తేడా కూడా జవాబును బాగా మార్చేస్తుంది. వంపు మీద 3, 4 సె. బిందువులు తీసుకుంటే 7 వస్తుంది, అది ఆ సెకను సగటు.

జవాబు 3
మీ గ్రాఫులో 4, 6 సె. మూలల దగ్గర వేగం అడిగితే జవాబు లేదు: 4 సె.కి ఎడమన వాలు 2, కుడిన 0. నిజం బండి అలా ఠక్కున ఆగదు, దగ్గరగా చూస్తే ఆ మూల గుండ్రంగా ఉంటుంది. మొత్తం దూరం అడిగితే 8 + 15 = 23 మీ., స్థానభ్రంశం (చివరి స్థానం మైనస్ మొదటి స్థానం) −5 − 2 = −7 మీ. గీత కింది వైశాల్యం జోలికి పోవద్దు, అది వేగం–కాలం గ్రాఫు పని.