అప్‌డేట్: జిప్సం గోడ మీద తుప్పు మచ్చలు

నల్లగొండలో మా ఇంటి జిప్సం బోర్డు గోడకు రంగు వేశాక కూడా స్క్రూల దగ్గర గోధుమరంగు మచ్చలు ఎందుకు తేలుతున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. అవి నల్ల ఫాస్ఫేట్ పూత స్క్రూలు. ఆ పూతకు పుట్టీ బాగా అతుకుతుంది కానీ తేమను ఎక్కువ కాలం ఆపదు. పొడి గదికి సరిపోతాయి. మాది స్నానాల గదిని ఆనుకున్న గోడ. పైగా వానల్లో, పుట్టీ పూర్తిగా ఆరకముందే రంగు పడింది.

మేస్త్రీ గారు పాతవి తీసి, పక్కనే జింకు పూత స్క్రూలు బిగించారు. స్క్రూడ్రైవర్ బిట్టు జారితే స్క్రూ తల మీది పూత గీరుకుపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి! మరకల మీద నూనె ప్రైమర్ తప్పనిసరి.

స్నానాల గది లోపల టైల్స్ వెనుక వేసే సిమెంటు బోర్డుకు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే తెస్తున్నాను. ధర ఎక్కువే, కానీ టైల్స్ వెనుక ఉన్నవాటిని మళ్లీ మార్చలేం.